గుర్రాల కాపరి చీటీలు

విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరు, 1981 జనవరి, ఆదివారం మధ్యాహ్నం. ఇంటి కింది గదిలో పాచికల బల్ల చుట్టూ ముగ్గురు: ఆట నడిపే వెర్న్ మాస్టారు, ధర్మవీరురాలు ఇడోనాగా ఆడుతున్న మార్లా, గుర్రాల కాపరి టిబ్‌గా ఆడుతున్న కర్ట్. మాటలతో కథ అల్లుకునే ఆట ఇది: ఎవరు నోటితో చెప్పినా, చీటీ మీద రాసిచ్చినా వాళ్ల పాత్ర కథలో అదే చేసినట్టు; మిగతా లోకమంతా మాస్టారు చెబుతారు.

“కోట అధికారి మళ్లీ అడుగుతున్నాడు మార్లా. ‘అమ్మా ఇడోనా, మిమ్మల్ని చెరలో వేయడం మా పొరపాటే. కానీ కోట తాళంచెవి పోయింది. మీరు అబద్ధమాడని ధర్మవీరులు. మీ మాట చాలు, సోదా కూడా చెయ్యను. మీ వాళ్లలో దొంగ ఉన్నాడా, లేడా?’”

“ఒక్క నిమిషం మాస్టారూ.”

“ఇప్పటికి మూడు నిమిషాలయ్యాయి. వెనకాల ఉరితాడు బిగిస్తున్నారు.”

“లేడని చెప్పవే మార్లా! ఒక్క ముక్క. ‘లేడు.’ అంతే!”

“నువ్వు మాట్లాడకు కర్ట్. మూడేళ్లు! గుర్రాల కాపరినని మూడేళ్లు నమ్మించావు. నీ దొంగపనులు మాకు తెలీకుండా మాస్టారికి చీటీ రాసి అందించినప్పుడల్లా ఏమనేవాడివి? ‘దాణా సంగతి’ అనేవాడివి!”

“మరి దొంగనంటే పక్కన నడవనిచ్చేదానివా? దొంగ కనిపిస్తే వదలకూడదని మీ నియమాల్లోనే ఉందిగా. అయినా ఆ తాళంచెవి ఎవరి కోసం కొట్టేశాను? చెరలో ఉన్నది ఎవరు? నువ్వా, నేనా?”

“నేను చూడకుండా దాచి చావొచ్చుగా!”

“తలుపు తీస్తుంటే చూశావు. కళ్లు మూసుకోమని చెప్పనా?”

“అరవకండి ఇద్దరూ. మార్లా, అధికారి ఎదురుచూస్తున్నాడు.”

“నేను ఏమీ మాట్లాడకపోతే, మాస్టారూ?”

“నీ మౌనం చూసి అందర్నీ సోదా చేస్తారు. తాళంచెవి టిబ్ చొక్కాలో ఉంది.”

“ఉన్నాడంటే?”

“టిబ్‌ను ఉరితీస్తారు.”

“లేడంటే...”

“తెలిసి ఆడిన అబద్ధం. చేత్తో తాకితే గాయం మానడం, రోగాలు దగ్గరికి రాకపోవడం, అన్నీ ఈ క్షణమే పోతాయి. మామూలు సైనికురాలివి. తిరిగి రావు.”

“ఇది అన్యాయం మాస్టారూ. కర్ట్ రోజూ అబద్ధాలే ఆడతాడు, వాడికేం కాదు!”

“ఏం కాదా? మార్లా, నీకు తల నుంచి కాళ్ల దాకా ఇనుము. నాకు తోలు చొక్కా. ఒక్క కత్తిపోటుకు పోతాను. ఇంతకు ముందు నేను ఆడిన దొంగ పాత్రలు ఎనిమిది చచ్చాయి. టిబ్ ఒక్కడే బతికి బట్టకట్టాడు.”

“కర్ట్ చెప్పింది నిజం. అంత బలం ఊరికే ఇస్తే అందరూ ధర్మవీరులే అవుతారు, దొంగగా ఆడేవాడే ఉండడు. అబద్ధమాడకూడదన్న ఆ కట్టుబాటే నీ బలానికి వెల. చెప్పు, మార్లా.”

“సరే. అయితే వినండి మాస్టారూ. నేను ధర్మవీరురాలినే కాను.”

“ఏంటే ఆ మాట?”

“కర్ట్, ఆగు. మాస్టారూ, ధర్మవీరులకు తేజస్సు పదిహేడు ఉండాలి కదా. మొదటి రోజు మూడు పాచికలేస్తే నాకు పడింది పదిహేను. ఆరు, ఆరు, మూడు. మీరు కాఫీకి పైకి వెళ్లారు. మూడున్న పాచికను వేలితో ఐదుకి తిప్పాను.”

“దొంగవి నువ్వే అన్నమాట!”

“నవ్వకు కర్ట్. బళ్లో నా పక్క బెంచీ పిల్లకి కూడా నా పేరు తెలీదు. ఇక్కడ, వారానికొక్కసారి, కోట తలుపులు నా మాటకు తెరుచుకునేవి. అందుకే తిప్పాను. ఇప్పుడు చెప్పేశాను. ధర్మవీరురాలినే కానప్పుడు అబద్ధమాడితే పోయేదేముంది? రాసుకోండి మాస్టారూ. ‘దొంగ...’”

“ఆగు. నోటి నుంచి వచ్చిందంటే జరిగిపోయినట్టే, మన పద్ధతి తెలుసుగా. ముందు నా మాట విను. ఆ రోజు నేను కాఫీ దాకా వెళ్లలేదు. కప్పు మరిచిపోయి మెట్ల మీంచి వెనక్కి వచ్చాను.”

“...చూశారా?”

“చూశాను. వచ్చే వారం నిలదీద్దామనుకున్నా. ఆ వారం నీ దగ్గరున్న ఒక్క మందు సీసా ఎవరో ముసలమ్మకి ఇచ్చేశావు. సరే, ఇంకో వారం చూద్దామనుకున్నా. తర్వాత వంతెన దగ్గర అందరూ పారిపోయినా నువ్వు నిలబడ్డావు. ఇంకో వారం, ఇంకో వారం... నూట నలభై వారాలు.”

“అయితే నేను...”

“ఆ పదిహేడు పాచిక ఇవ్వలేదు మార్లా. నువ్వు నడిచి తెచ్చుకున్నావు. కాబట్టి కట్టుబాటు కూడా నీదే. ఈ అబద్ధం ఆడితే అదంతా పోతుంది. నేను కాపాడలేను.”

“ఇంకా ఘోరం చేశారు మాస్టారూ! ఇప్పుడేం చెప్పను?”

“అధికారి చెయ్యెత్తాడు. ఇదే ఆఖరిసారి. దొంగ ఉన్నాడా?”

“నేను... కర్ట్, ఏం రాస్తున్నావురా? మళ్లీ చీటీయేనా? నన్ను ఇందులో ఇరికించి పారిపోతున్నావా?”

“పారిపోవడానికే అనుకో. ఇదిగోండి మాస్టారూ. ఈసారి పైకి చదవండి, మార్లాకి కూడా వినపడేట్టు.”

“‘టిబ్ గుర్రం దిగాడు. తాళంచెవి అధికారి కాళ్ల దగ్గర పెట్టాడు. ఆమెను అడగక్కర్లేదు, దొంగను నేనే, అన్నాడు.’”