మళ్ళీ మేస్టారూ, నా పనిగదీ

1994 జూన్ పదమూడో తేదీన విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులుగా ఈ పాఠశాలలో అడుగుపెట్టి, పిల్లలందరిచేతా ‘మళ్ళీ మేస్టారు’ అనిపించుకున్న మా సహోద్యోగి మీద నాకొక ఫిర్యాదు ఉన్నది. అభినందన సంచికలో ఫిర్యాదేమిటని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీండి. ఏడో తరగతితో చదువు మాని, ఇక్కడి బల్లలకు కాళ్లు అతుకుతూ నెరిసిపోయిన వడ్రంగిని, పొగడ్తలు చెక్కడం నాకు చేతకాదు.

వారు తొలి పదేళ్లు పై తరగతులకు భౌతికశాస్త్రం బోధించి, అటుపై ప్రయోగశాల బాధ్యతలు స్వీకరించి, ప్రధానోపాధ్యాయ పదవి రెండు పర్యాయములు గుమ్మం దాకా వచ్చినా సవినయంగా తిరస్కరించారు. 2013లో, పాఠం విన్న పిల్లలే దానిని చిన్న వీడియోగా తీసి చూపాలనే పద్ధతిని ప్రవేశపెట్టారు. అందుకొక గది కావలసివచ్చింది. ఇంత బడిలో వారి కంటికి ఆనినది నా పనిగది! రంపాలూ ఉలులూ మెట్ల కిందికి చేరాయి.

అది చాలదన్నట్లు, పాఠం తెలియనివాడికి అర్థమైతేనే వీడియో నెగ్గినట్లని నియమం పెట్టి, ఆ తెలియనివాడిగా నన్ను ఎన్నుకున్నారు. “అర్థమైందా బాబాయ్?” అని పిల్లలు అడగడం, నేను తల అడ్డంగా ఊపితే మేస్టారు “మళ్ళీ!” అనడం. “బడి మొత్తానికి మొద్దువి నువ్వేనని సర్టిఫికెట్టు ఇచ్చారుగా, పటం కట్టించుకో” అని మా ఆవిడ దెప్పేది.

ఆ ఏడాది చివర పాఠశాల కార్యదర్శి గారికి తరగతిలో సెల్‌ఫోన్లేమిటని ఆగ్రహం వచ్చింది. గది ఇప్పించమని నేనూ అప్పటికే కార్యదర్శి గారికి మొరపెట్టుకుని ఉన్నాను. వారు అందరి ఎదుటా తీర్పు చెప్పారు: ఇవాళ వేసే వీడియో వడ్రంగికి అర్థమైతే సరి, కాకుంటే ఈ తతంగం ఆపి, గది వడ్రంగికి అప్పగించాలి.

తొమ్మిదో తరగతివారు సూర్యగ్రహణం మీద తీసింది వేశారు. బల్బు సూర్యుడు, బంతి భూమి, దాని చుట్టూ బల్ల మీద తిప్పే గోలీ చంద్రుడు. గోలీ నీడ బంతి మీద పడింది, అయిపోయింది. అందరి చూపులూ నా నోటి మీదనే.

“అర్థం కాలేదు” అన్నాను.

“గది కోసం నాటకాలు!” లెక్కల టీచరమ్మ గట్టిగానే అన్నారు.

“పాపం, గోలీలాట కూడా తెలీదు” అని వెనకనుంచి గుమాస్తా.

వీడియో తీసిన అమ్మాయి కళ్లు నిండాయి. కార్యదర్శి గారు లేచి నిలబడ్డారు. మేస్టారు ఆవేశపడలేదు, నన్ను బతిమాలనూ లేదు.

“ఆయన కాలేదన్నారంటే కాలేదండీ. తప్పు వీడియోది. ఎక్కడ ఆగిపోయింది, మేస్త్రీ గారూ?”

“చంద్రుడు నెలకోసారి చుట్టి వస్తాడుగా. ఈ లెక్కన నెలనెలా గ్రహణం రావాలి. మరి రాదేం?”

వారు పిల్లల వైపు తిరిగి “మళ్ళీ” అన్నారు.

కార్యదర్శి గారు మధ్యాహ్నం గంట కొట్టేదాకా గడువిచ్చారు. పిల్లలు మెట్ల కిందికి పరుగెత్తి నా చెక్కపలకనే పట్టుకొచ్చారు. గోలీ తిరిగే దారిని దాని మీద గీసి, ఒక పక్క ఎత్తు పెట్టి వాల్చి, బల్బును చుట్టూ జరుపుతూ మళ్ళీ తీశారు. ఈసారి నీడ బంతికి పైనుంచో కిందినుంచో జారిపోయింది. బల్బూ వాలూ కుదిరిన చోట మాత్రమే బంతి మీద పడింది. “దారి వాలుగా ఉంది బాబాయ్, అందుకే చాలాసార్లు తప్పిపోద్ది” అని ఆ అమ్మాయి వీడియోలో చెప్పింది.

వాలు సంగతి వడ్రంగికి అర్థం కాకపోవడమా! కాని ఆ మాట పైకి అంటే గది పోతుంది. కార్యదర్శి గారు “ఊఁ, చెప్పవయ్యా” అని రెండుసార్లు గద్దించారు. మేస్టారు మాత్రం, నేనేమన్నా సరేనన్నట్లు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. చదువుకున్నవారిలో నా మాటను మాటగా తీసుకున్నది ఆయనొక్కరే.

“అర్థమైంది” అన్నాను.

నాటినుంచి నేటిదాకా పిల్లలు ఆ గదిలో వీడియోలు తీస్తూనే ఉన్నారు. నేను మెట్ల కింద జల్లుకు తడుస్తూ వంగి పనిచేస్తూనే ఉన్నాను. నా నడుం నొప్పికి మేస్టారే పూర్తి బాధ్యులు. అట్టి వారు సతీసమేతంగా, మోకాళ్లూ కంటిచూపూ చెక్కుచెదరక, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఎదుటివాడికి అర్థం కానప్పుడు “మళ్ళీ” అనే ఓపిక వారికి ఎన్నడూ తరగకూడదనీ మనసారా కోరుకుంటున్నాను. వారి మూలంగా నేను పోగొట్టుకున్నది, తూర్పు కిటికీతో సహా, పన్నెండడుగుల పొడవూ పదడుగుల వెడల్పూ గల గది.