వెన్నునీటికి ఇద్దరు వియ్యంకులు

ఆస్పత్రి కింది అంతస్తులో ప్రయోగశాల. రెండు మైక్రోస్కోపులు, రెండు స్టూళ్ళు, అక్కడే పనిచేసే ఇద్దరు వియ్యంకులు. ఒకాయన పాప తండ్రికి తండ్రి, ఇంకొకాయన పాప తల్లికి తండ్రి. పాప పై అంతస్తులో జ్వరంతో ఉంది; పరీక్షకని దాని వెన్నులోంచి నీరు తీశారు.

"...అందుకే చెబుతున్నా బావగారూ, ఆ మోచెయ్యి తియ్యండి. చుక్క వేస్తున్నా."

"మీరు చుక్క వేస్తే అవతలివాడికి చుక్కలు కనపడతాయి. ట్యూబు ఇలా ఇవ్వండి, నేను వేస్తాను."

"తొమ్మిదేళ్ళుగా ఈ చేత్తోనే వేస్తున్నా."

"తొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉన్నా. ఇవాళ మటుకు ఊరుకోను. అది నా మనవరాలు."

"నాకేమన్నా పక్కింటి పిల్లా? మావాడికి పుట్టింది."

"మా అమ్మాయి కన్నది."

"సరే, కన్నది మీ అమ్మాయి, కన్ను పెట్టేది నేను. జరగండి."

"ఆ పప్పులుడకవు. వెన్నునీరు ఎవరిదైనా ఇద్దరు చూడాలి. అందులో కణాలు విడివిడిగా లెక్కపెట్టాలి, చీటీ మీద రాయాలి, ఇద్దరూ ఒక్కసారే విప్పాలి. లెక్క కలిస్తేనే రిపోర్టు. ఆ రూలు గోడకి అంటించింది మీరే."

"అంటించేది నేను, అంటుకుని మండేది మీరు. ఇన్నేళ్ళలో మన లెక్క ఒక్కసారైనా కలిసిందా? నేను పన్నెండంటే మీరు ఇరవై అంటారు. చివరికి మన ల్యాబు పెద్ద మేడమ్ వచ్చి మూడోసారి లెక్కపెట్టాలి."

"మనుషుల్నే లెక్కచెయ్యని మీరు కణాల్నేం లెక్కపెడతారు!"

"మైక్రోస్కోపు ముందు కూర్చుంటే చాలు, మీకు మాక్రో కోపం వచ్చేస్తుంది. టైమెంతయింది?"

"మేడమ్ ట్యూబు చేతికిచ్చి పావుగంట."

"గంట దాటితే అందులో తెల్లకణాలు కరిగిపోవడం మొదలవుతుంది. కణాలంటే క్షణాలండీ బాబూ! మనం ఇలా వాదించుకుంటూ కూర్చుంటే, ఉన్న జబ్బు కూడా కనపడకుండా పోతుంది."

"అయితే ఆపండి."

"మీరే ఆపండి."

"నేనెప్పుడో ఆపా. వెయ్యండి చుక్క."

"...వేశా. ఇదిగో మీ గళ్ళ గాజుపలక. ఇది నాది. చూశారా, నీళ్ళలా తేటగా ఉంది."

"తేటగా ఉంటే మంచిదేగా?"

"మంచిదే. మబ్బుగా ఉంటేనే భయం. తేటగా ఉన్నా కూడా ఒక్కోసారి..."

"వద్దు. ఆ ఒక్కోసారి మాత్రం వద్దు."

"ఐదు లోపు ఉన్నాయా, గండం గడిచినట్టే. వందల్లో ఉన్నాయా, మెదడు పొరలకి వాపు."

"నాకు చెబుతారేంటండీ? ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది!"

"మీకు కాదు. నాకు నేను చెప్పుకుంటున్నా."

"...పైన డాక్టరేమన్నాడు? నేను వెళ్ళేసరికే సూది వేసేశారు."

"మూడు రోజుల జ్వరం, పాలు పట్టట్లేదు, మెడ బిగుసుకుంది, వంచబోతే కేర్‌మంటోంది అన్నాడు."

"మెడ వంచకపోవడం జబ్బేంటండీ? మీ వంశంలో ఎవరు వంచారు గనక?"

"ఆ కేర్‌మనడం మాత్రం మీ వంశానిదే."

"వెన్నలాంటి పిల్ల బావగారూ. వెన్నులో సూది..."

"ఊరుకోండి. బల్ల కదిపితే పలక చెదిరిపోతుంది."

"సూది వేసేటప్పుడు దాన్ని వంచి పట్టుకున్నదెవరు?"

"మా కోడలే. బయట నిలబడమ్మా అంటే వినలేదు. కంట తడి లేకుండా, పిల్ల కదలకుండా పట్టుకుంది. ట్యూబులు నిండాక గోడకి ఆనుకుని జారిపోయింది."

"అది మా పిల్ల!"

"మా కోడలు!"

"పోనీండి, ఇవాల్టికి ఇద్దరిదీ అనుకుందాం."

"అనుకుందాం. ఇక నోరు మూసుకుని లెక్కపెడదాం. కణం కనపడితే క్లిక్కర్ ఒక నొక్కు. అంతే."

"తెలుసు."

"తెలుసుంటే మాట్లాడుతున్నారేం?"

"ఆగండి! మీ క్లిక్కర్ టిక్కుమంది!"

"అనలేదు."

"విన్నానండీ. ఒకటి కనపడింది మీకు!"

"వేలు తగిలింది."

"తొమ్మిదేళ్ళుగా తగలని వేలు ఇప్పుడెందుకు తగిలింది?"

"ఇవాళ తగిలింది, అంతే. ...అదిగో, మీదీ మోగింది!"

"అది నా దగ్గు."

"దగ్గు టిక్కుమంటుందా?"

"పొడి దగ్గు. మీ పలక మీరు చూసుకోండి. అబ్బబ్బ, ఈ లెన్సు మసకేసిందేంటి? ఆ తుడిచే కాగితం ఇలా పడెయ్యండి."

"తుడిచేది లెన్సా, కళ్ళద్దాలా?"

"రెండూను."

"తుడిచాక ఆ కాగితం నాకూ ఇవ్వండి. ఇక్కడా మసకే."

"...బావగారూ."

"మళ్ళీ ఏంటి? నాలుగో గడిలో ఉన్నా."

"ఐదు దాటకపోతే పాపకి మీ అమ్మగారి పేరే పెట్టేద్దాం. ఏడు నెలలుగా పిల్లకి పేరే లేదు. ఆ ట్యూబు మీద కూడా 'పాప' అనే ఉంది చూడండి. అంతా నా మొండితనం."

"వద్దు. మీ అమ్మగారి పేరే పెడదాం. నేనే మూర్ఖంగా పట్టుబట్టా."

"ఒప్పుకోను. మీ అమ్మగారిదే."

"నా మాటంటే మీకు ఎన్నడూ విలువలేదు! మీ అమ్మగారిదే అంటున్నానా?"

"నేను దిగొస్తే మీకెందుకండీ అంత బాధ? నన్ను ఓడిపోనివ్వరా?"

"నేనే ముందు ఓడిపోతా. మీదేంటి దౌర్జన్యం?"

"మొండి మనిషి!"

"జగమొండి!"

"మీరు నాకు వియ్యంకుడు కాదండీ, కయ్యంకుడు! రాయండి చీటీ."

"రాశా. మీరు?"

"రాశా. ఒక్కసారే విప్పుదాం. ముందు విప్పి నా మొహం చూడకండి. ఒకటి... రెండు..."

"మూడు."

"ఇప్పుడు ఆ 'మూడు' అన్నది విప్పమనా, చీటీలో ఉన్నదా?"

"రెండూ. చీటీలో ఉన్నదీ మూడే. మీది?"

"...మూడు."

"మూడా!"

"మూడండీ! ఇదిగో, నా చేతిరాతే! ఐదు లోపే!"

"బావగారూ, లెక్క కలిసిందండీ! మన లెక్క కలిసింది!"

"చొక్కా వదలండి, బొత్తాలు ఊడతాయి!"

"ఊడనివ్వండి. మీకు పట్టుచొక్కా కుట్టిస్తా."

"ఏంటయ్యా ఈ గోల? మెట్ల దాకా వినపడుతోంది!"

"రండి మేడమ్, రండి! పాపకి మూడే కణాలు! ఇద్దరం విడివిడిగా చూశాం, ఒకటే లెక్క వచ్చింది!"

"మీ ఇద్దరికీ ఒకటే లెక్కా? నాకు జ్వరం వచ్చేట్టుంది. పాప రిపోర్టు పైకి వెళ్ళి పది నిమిషాలైంది. నేనూ పెద్ద డాక్టరుగారూ కూర్చుని చూశాం. ఒకే ఒక్క కణం. చక్కెర కూడా సరిగ్గా ఉంది. జ్వరం చెవిలో చీముదట, మందు మొదలెట్టారు. పిల్ల పాలు కూడా తాగింది."

"తాగిందా?"

"తాగి నిద్రపోయింది. వెళ్ళి చూసుకోండి."

"...తాగిందట బావగారూ."

"విన్నా. బతికించారు మేడమ్! కానీ... ఒకటి కాదు. మూడు."

"ఏంటి?"

"అవును మేడమ్, మూడు. బావగారి కన్ను సామాన్యమైంది కాదు. ఆయన మూడన్నారంటే మూడే."

"బావగారిది ఇరవై రెండేళ్ళ సర్వీసు మేడమ్. మీ చూపుకి రెండు అందలేదేమో."

"రూలు ప్రకారం ఇద్దరి లెక్క కలిస్తే అదే రిపోర్టు. పైకి వెళ్ళింది వెనక్కి తెప్పించి దిద్దండి."

"దిద్దాల్సిందే మేడమ్. మాది ఒకే మాట."

"వార్డు తలుపు దగ్గర తాతలిద్దరూ కొట్టుకునేట్టున్నారు, కాసేపు ఎక్కడైనా కూర్చోబెట్టండి మేడమ్ అని పాప తల్లి నన్ను బతిమాలుకుంది. సొంత మనవరాలి ట్యూబు మీ చేతికిస్తానుటయ్యా? నేను మీకు పోసిచ్చింది కణమన్నదే లేని వట్టి ఉప్పునీళ్ళు."