జొరం మారిన కాలు

“దిగమ్మే! ముందు మిద్దె దిగు. బిన్నా దిగు!”

“నువ్వు చూడలేదనుకో, జేజీ.”

తనకల్లు దగ్గర పల్లె, రెండు వేల మూడో సంవత్సరం. మెదడువాపు జ్వరానికి ఆస్పత్రి పాలై బతికి వచ్చిన తొమ్మిదేళ్ల పద్మప్రియ, మిద్దె మీద ఆరబోసిన శెనక్కాయల నడుమ కూర్చుని ఉంది. కింద నిచ్చెన పట్టుకుని, వాళ్ల నాయనను కన్న యశోదమ్మ.

“ఎట్ల చూడలేదనుకునేది? కాలు రాదని పొద్దున మీ నాయన నిన్ను చంకనేసుకోని దొడ్డికి తీసకపాయ. ఇప్పుడు కోతి మాదిరి మిద్దెక్కినావు!”

“కాలు నొప్పే జేజీ, నిజంగా.”

“యా కాలు?”

“ఇదిగో, ఇది.”

“నిన్న ఆ పక్క కాలు గదమ్మే!”

“జొరం కాలు మారింది.”

“మెదడుకొచ్చిన జొరం కాలు కాలికీ తిరుగుతాదా? దిగు. మెల్లగా. ఆ మెట్టు ఊగుతాది... ఆఁ. ఇంగ చెప్పు. ఎప్పట్నుంచి నడస్తాండావు?”

“ఇప్పుడే.”

“అబద్దం.”

“పోయిన సంతకు.”

“అబద్దం.”

“సంతకు ముందే. కొంచిం. మొదట్లో నిజంగానే రాలేదు జేజీ, ఒట్టు. కాలు నాది కాదన్నట్ల ఉండె. ఒగ దినం పండుకోని బొటనేలు ఆడిస్తే ఆడింది. ఎవరూ లేనప్పుడు గోడ పట్టుకోని నిలబడితి.”

“ఎవరికీ చెప్పక! నీకు ఎగతాళిగా ఉండాది. బడిలో పడిపోయి, కండ్లు తేలేసి, కట్టె మాదిరి కొట్టుకుంటివే, తెలుసునా? జీపులో అనంతపురం దాకా మీయమ్మ ‘పాపా, పాపా’ అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్యాది. ఆడ ఎన్నుపూసలో సూది గుచ్చి, మెదడు వాచిందన్యారు. బతికినా మనుషుల్ని గుర్తుపడతాదో లేదో అన్యారు.”

“పట్టినా గదా!”

“ఆఁ, బాగా పట్టితివి. కండ్లు తెరిచి నన్ను చూసి ఏమంటివి? ‘ఈ ముసిల్ది ఎవరు?’ అంటివి. అందరూ నవ్విరి.”

“నువ్వూ నవ్వితివంట.”

“నవ్వక! అది మా పాప నోరే, ఇంగ బయం లేదంటి.”

“జేజీ... అది నోరు కాదు. నిజంగానే తెలీలేదు.”

“ఏం తెలీలేదు?”

“నువ్వెవరో. నాయన వచ్చి ‘జేజి, జేజి’ అని చెప్పినంకనే...”

“నా కొంగు... కొంగు యాడికి పాయె?”

“ఏడుస్తాండావా?”

“శెనక్కాయల దుమ్ము పడె. ఇప్పుడు తెలుసునా?”

“ఏంది?”

“నేనెవరో!”

“తెలుసు. అప్పుడు చూసిన ముసిల్దే.”

“నీ నోట్లో మన్ను బడ! మాట మార్చొద్దు. నాటకమెందుకు? బడి ఎగ్గొట్టనా?”

“కాదు.”

“లెక్కల సారుకు బయపడా?”

“ఆయప్పకే నేనంటే బయం.”

“మరి?”

“ఊరికే.”

“ఊరికేనా? మీ నాయన పాపం, పొద్దూ మాపూ నీ కాలికి నూనె రుద్ది రుద్ది చేతులు బొబ్బలెక్కె. దర్గాకు మొక్కుకున్యాడు. చెప్తాండా వానికి, ఇప్పుడే!”

“చెప్పు. బస్సు యాడ నిలుస్తాదో అదీ చెప్పు.”

“ఏ బస్సు?”

“బెంగుళూరు బస్సు. ‘పాప నడిచిన దినం నేను బస్సెక్కతా’ అని అమ్మతో అన్యాడు. నేను నిద్దరపోతాంటి అప్పుడు.”

“నిద్దరపోతా ఎట్ల వింటివే?”

“అదీ...”

“నిద్దర కూడా నాటకమేనా! రాముడా!”

“జేజీ, ఎనుమునమ్మి బోరేయిస్తే నీళ్లకు బదులు దుమ్ము వచ్చె. అమ్మ తిట్టె, నాయన బెంగుళూరికి పాయె. మళ్ల నాకు జొరమొస్తే గదా ఇంటికొచ్చింది? అంత వరకూ ఒగ మాటన్నా మాట్లాడుకున్యారా?”

“ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడతాండారు? కొట్లాడతాండారు.”

“కొట్లాడల్లంటే మాట్లాడల్ల గదా! ‘నువ్వు రుద్దు’ అంటాది అమ్మ. ‘నేను రుద్దినా, నీ వంతు’ అంటాడు నాయన. నిన్న అమ్మ నాయన సంగట్లో నెయ్యేసె.”

“నెయ్యా! నాకెయ్యలేదే?”

“నువ్వు బెంగుళూరికి పోవు గదా.”

“ఓసి దీని మెదడు పాడుగాను! వాపు తగ్గింది గానీ లోపల ఇంగేమో పెరిగినట్లుండాది.”

“చెప్తావా జేజీ?”

“కట్ల మంచం మింద పండుకో ముందు. దుప్పటి కప్పుకో. కాళ్లకు దుమ్ము... ఇట్ల తే, తుడస్తా.”

“చెప్తావా, చెప్పవా?”

“ఊఁ... రెండో కాలు తే.”

“జేజీ, నువ్వు చేనికాడికి పోయింటివి గదా. ఉన్నట్టుండి ఇంటికెందుకొచ్చినావు?”

“మీయమ్మ తరిమింది.”

“అమ్మా? ఎందుకు?”

“చేన్లోకి మన మిద్దె కనపడతాదమ్మే. నువ్వు నిచ్చెనెక్కేది ఆయమ్మ చూసినాది. ‘నీ కొడుకు మిద్దె పక్క తిరిగి చూడకుండా నేను మాటల్లో పెట్టుకోనుంటా, నువ్వు పరిగెత్తిపోయి దాన్ని పండబెట్టు అత్తా’ అన్యాది.”