బెండు కట్టని తాళంచెవి

బర్మింగ్‌హామ్ దాటాక కాలువలో సన్నటి పడవ నింపాదిగా పోతోంది. ఆమె చుక్కాని పట్టుకుని నిలబడింది. భర్త ఎదురుగా పడవ కప్పుమీద తాళంచెవులు పరచుకుని కూర్చున్నాడు.

"గట్టుమీద కుక్కను తిప్పుతున్న ముసలావిడ మనల్ని దాటిపోయిందండోయ్!"

"పోనీలే, ఆవిడకేం తొందరో."

"ఇల్లు అమ్మాలో వద్దో సాయంత్రంలోగా చెప్పమన్నాడు ఏజెంటు. ఏడాదిలో ఈ పడవ కాపురం మోజు తీరిపోతుంది, ఇంటికెళ్లిపోదాం అన్నది మీరేగా?"

"అన్నాను. టీ ఇంకాస్త ఉందా?"

"మాట మార్చకండి. ఏంటా పని?"

"నీళ్లలో పడ్డా తేలాలని తాళంచెవులకు బెండుముక్కలు కడుతున్నా. ఇది ఇంజనుది, ఇది పడవ తలుపుది."

"ఆ అంచున పెట్టిందో?"

"ఇంటిది."

"దానికి కట్టలేదేం?"

"బెండు అయిపోయింది."

ఆయన ఒళ్లో ఇంకా నాలుగు ముక్కలున్నాయి. ఆమె వాటిని చూసి, నవ్వు ఆపుకుంది.

"ముందు వంపుంది, పడవ ఒరుగుతుంది. ఆ ఇంటి తాళంచెవిని ఇంకాస్త అంచుకు జరపండి."