స్టెప్నీ ఇయ్యి, తాళం ఇయ్యకు

"లొల్లి బంద్ జేయుండ్రి సారూ, గీ ముచ్చట ఆ దేశపోళ్లు నన్నే అడిగిండ్రు," అన్నాడు ఐలయ్య, చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి.

మైండ్‌స్పేస్ ఆఫీసుల వెనక నాగేశ్వరి చాయ్ బండి దగ్గర అప్పటికి అరగంటగా వాదన నడుస్తోంది. యుద్ధంలో చిక్కుకున్న మిత్రదేశానికి మన సర్కారు ఎంతవరకు సాయం చేయాలని. రిటైరైన తహసీల్దారు భీమేశ్వరరావు గారు "స్నేహమన్నాక లెక్కలు చూడకూడదండీ, అడిగిందల్లా ఇవ్వాలండీ" అంటారు. నేనేమో "ముందు మా గోపన్‌పల్లి రోడ్డు వేయమనండి, తర్వాత ఇద్దురు గాని" అంటాను. ఇద్దరి గొంతులూ లేచాయి. ఐలయ్య క్యాబ్ నడుపుతాడు. ఆయన మొదలుపెడితే ఇక ఎవరి వాదనా నిలబడదు.

పక్కనే నర్సింహ నిలబడి ఉన్నాడు. అతనిదీ క్యాబే, కానీ పొద్దున క్లచ్ పోయి గ్యారేజీలో పడింది. పదకొండుకి ఒక కంపెనీ పెద్దాయన్ని ఎయిర్‌పోర్టులో దింపాలి, ఈ ఒక్కసారి తప్పితే ఆ కంపెనీ బేరమే పోతుంది. ఐలయ్య బండి అడగడానికే వచ్చాడని నాగేశ్వరి నాకు మెల్లగా చెప్పింది. అడగడానికి నోరు రాక చాయ్ చల్లార్చుకుంటున్నాడు.

"పోయిన నెల కన్వెన్షన్ సెంటర్ల పెద్ద మీటింగ్ అయింది జూడు తమ్మీ, రోడ్లన్ని బంద్ వెట్టిండ్రు, గప్పుడు ఆ దేశం ఆఫీసరొకాయన నా బండెక్కిండు, మొఖం సూస్తే మూడు రోజుల సంది అన్నం దిననట్టున్నది, నాకు పాణం ఆగదు కద, ఏమైంది సారూ, జర జెప్పుండ్రి అన్న."

"ఏ భాషలో అన్నారండీ?" అన్నారు భీమేశ్వరరావు గారు.

"ఏడ్సెటోనికి భాషేంది సారూ, అద్దంల సూస్తే సాలు. అన్నా, మీ సర్కారోళ్లల్ల సగం మంది అంత ఇద్దామంటున్నరు, సగం మంది ఏమియ్యొద్దంటున్నరు, ఎటూ తెగుతలేదు, మేం ఆగమైతున్నం అన్నడు. నేను బండి పక్కకు ఆపిన. సారూ, రోడ్డు మీద దోస్తు బండి ఆగితే మా డ్రైవర్లం ఏం జేస్తం? స్టెప్నీ టైరు ఇస్తం, జాకీ ఇస్తం, తాడు గట్టి గ్యారేజ్ దాంక గుంజుకపోతం. కని మన బండి తాళం మాత్రం ఇయ్యం. తాళమిచ్చినంక ఆయన బండి బాగుగాదు, మన బండీ మనది గాదు. గీ మాట మావోళ్లకు జెప్పు, మీవోళ్లకు జెప్పు అన్న."

"ఆహా! నా సర్వీసులో ఇంత తేటగా చెప్పినవాణ్ని చూళ్లేదండీ," అన్నారు భీమేశ్వరరావు గారు. నిజంగానే అన్నారు. నాకూ రోడ్డు సంగతి మర్చిపోయేంత బాగా అనిపించింది. నర్సింహ మాత్రం తల వంచుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆయన ఫోన్ గొట్టిండు. వాళ్ల మంత్రి ఇంకో దేశం పోతుండె, సగం దూరంల విమానం మర్రేసి శంషాబాద్‌ల దిగిండు. దిగి, ఐలయ్య బండి యాడుంది అన్నడు. ముంగటి సీట్ల నేనే కూసోవెట్టి బెల్టు వెట్టిన. గంతల ఢిల్లీకెళ్లి ఫోన్ వచ్చింది. ఐలయ్య గారూ, ఎంత ఇద్దాం అని. మందులియ్యుండ్రి, బియ్యమియ్యుండ్రి, డాక్టర్లను తోలుండ్రి, తాళం మాత్రం మీ జేబులనే ఉండనియ్యుండ్రి అన్న. రాసుకున్నం, మల్లొకపారి జెప్పుండ్రి అన్నరు. మల్ల జెప్పిన."

"మరి అవతలి దేశంవాళ్లు ఊరుకున్నారా?" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

"గదే జెప్పవోతున్న! గా దుష్మన్ దేశం మంత్రి కూడ ఉరికొచ్చిండు, మా దిక్కు కూడ జర సూడు ఐలయ్యా అని. ఇద్దర్ని ఎనుక సీట్ల కూసోవెట్టిన. ఏసీ ఫుల్ వెట్టి రింగురోడ్డెక్కిన. మొదటి సుట్టుల ఒకరి మొఖం ఒకరు సూడలే. రెండో సుట్టుల పటాన్‌చెరు కాడ ఒకాయన తుమ్మితే ఇంకొకాయన రుమాలిచ్చిండు. మూడో సుట్టుల ఘట్‌కేసర్ దాటకముందే సంధి! సంతకం వెట్టనీకి కాయితం లేకుంటే నా పొల్యూషన్ సర్టిఫికెట్ ఎనుక వెట్టిండ్రు. దిగినంక నాకు స్టార్లు ఎవరియ్యాలె అని ఇద్దరు మల్ల కొట్లాటకు దిగిండ్రు, గది ఆపుడే కష్టమైంది. యాప్‌ల ఐదు స్టార్లే కద ఉండేది? ఏడు వడ్డయి."

"ఏడా!" అన్నారు భీమేశ్వరరావు గారు.

"ఏడు. గందుకే అంటున్న, దోస్తుకు ఎంత జెయ్యాలె అంటే స్టెప్నీ దాంక. తాళం ఇచ్చెటోడు పాగల్."

నర్సింహ గ్లాసు పెట్టేసి, "పోతన్నా ఇగ," అని వెనక్కి తిరిగాడు.

"నువ్వు జర ఆగు," అంది నాగేశ్వరి. పొయ్యి మంట తగ్గించి ఐలయ్య వైపు చూసింది. "అన్నా, గా మీటింగ్ మూడు రోజులు నాకు మంచిగ యాదికున్నది. పోలీసోళ్లు నా బండిని గల్లీలకు జరిపించిండ్రు. గా మూడు రోజులు నువ్వు పొద్దుగూకెదాంక నా కాడ్నే కూసొని అల్లం దంచినవ్. మరి మంత్రిని యాడ కూసోవెట్టినవ్, నా బల్ల మీదనా?"

"బండి సర్వీసింగుల..." అని ఐలయ్య ఏదో గొణిగాడు.

"సర్వీసింగ్ గాదు. గప్పుడు కూడ నర్సింహ బండి పాడైంది. ఆయన అడగకముందే తాళం ఆయన చేతిల వెట్టి, నువ్వు బస్సెక్కి వచ్చినవ్. నీ బేరం మూడు రోజులు బంద్. పాగల్ ఎవరన్నా మరి? ఇయ్యాల కూడ గాయన తాళం కోసమే వచ్చిండు. పదకొండుకు ఎయిర్‌పోర్టు పోవాలె. నీ కోతలకు భయపడి నోరు తెరుస్తలేడు."

ఐలయ్య నర్సింహ దిక్కు చూశాడు. జేబులోంచి తాళం తీసి విసిరాడు.

నర్సింహ పట్టుకున్నాడు గానీ కదల్లేదు. "తాళం మాత్రం ఇయ్యొద్దంటివి కదన్నా?"

"గది దేశాల ముచ్చటరా! నువ్వేమన్న దేశమా? తొమ్మిదిన్నరైతుంది, ఉరుకు. ముంగటి సీట్ల మంత్రి కూసున్నడు, జర పైలంగ నడుపు."

నర్సింహ పరుగెత్తాడు. భీమేశ్వరరావు గారు లేచి నిలబడి, ఐలయ్యకు రెండు చేతులూ జోడించారు. నాగేశ్వరి అల్లం ముక్కలూ రోకలీ తెచ్చి ఐలయ్య ముందు పెట్టింది.