గీత దాటిన కెమెరా

బెంగాల్‌లోని చందన్‌నగర్‌లో ఝింపా వాళ్ళింటి ముందుగది. సినిమా క్లాసు అభ్యాసం కోసం తీస్తున్న చిన్న సినిమా షూటింగ్ అప్పుడే ముగిసింది. అందులో తల్లి వేషం ఝింపా వాళ్ళమ్మది; బుబుల్ ఆవిడని కాకిమా, అంటే పిన్ని, అని పిలుస్తాడు. కెమెరా పట్టిన బుబుల్ మీద దర్శకురాలు ఝింపా విరుచుకుపడుతోంది.

"చూడు, నువ్వే చూడు బుబుల్. తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకోవాలి. ఇందులో ఇద్దరూ కలిసి ఒకే గోడని తిడుతున్నట్టుంది."

"తెలుసు."

"తెలుసా? ఇద్దరినీ కలుపుతూ ఒక ఊహాగీత ఉంటుంది, కెమెరా అది దాటకూడదు. మొదటి క్లాసులోనే చెప్పారు కదరా! నువ్వు దాటి అవతల నుంచి తీశావు. రేపు సారు అందరి ముందూ నన్ను కడిగేస్తారు."

"తప్పు నాదని చెప్పు."

"చెప్తాను. ఎందుకు దాటావో కూడా చెప్తాను, నోరు తెరువు."

"వదిలెయ్. కాకిమా వంటింట్లో ఉంది, వింటుంది."

"విననీ. అసలే అమ్మ ప్రతిసారీ ఆ కప్పు తోసేసి నా ప్రాణం తీసింది..."

"ఎన్ని మాటలన్నావు ఆవిడని, అందరూ చూస్తుండగా."

"అనక? ఎడమచేతి పక్కనే పెట్టిన కప్పు తీసుకోలేదా మనిషి?"

"నువ్వు చెప్పిన వైపు నుంచి తీస్తే ఆ తడుముకోవడం కనబడుతుంది. అందుకే అటు వెళ్ళాను. చాలా?"

"తడుముకోవడమేంటి?"

"ఏం లేదు."

"బుబుల్."

"ఆవిడకి ఎడమ కన్ను కనబడదు. దుర్గాపూజల ముందు నుంచీ. నీకు తెలిస్తే సినిమా ఆపేసి ఆసుపత్రికి లాక్కుపోతావని నాచేత ఒట్టేయించుకుంది."

"అబద్ధం. పూజలకి నేనొచ్చాను. ఇక్కడే ఉన్నాను."

"ఉన్నావు. ఫోన్లోంచి తలెత్తకుండా ఉన్నావు."

"నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి మా అమ్మ కన్ను పోగొడతావా? సిగ్గులేదూ?"

"సరే. ఆవిడ కుర్చీకి ఎడమపక్క, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, ఆ స్టూలు మీద కూర్చో. నోరు మెదపకు."

"కూర్చున్నాను. నువ్వు అబద్ధాలకోరువని ఇప్పుడే తేలిపోతుంది."

"కాకిమా, ఒక్కసారి వచ్చి మీ కుర్చీలో కూర్చుంటారా?"

"వస్తున్నా బాబూ. ఇదిగో టీ, తీసుకో. అమ్మయ్య, కూర్చున్నా. ఇంతసేపూ దాని కేకలే వినిపించాయి, మా పిల్లేది? నా మీద అలిగి మేడెక్కిందా? ఈసారి కప్పు పడెయ్యనని చెప్పి పిలుచుకురా."