లోపల మనిషున్నడు

సామ్యేల్ ఎవలంటవేందే జమునా? నిన్ను సంకలేసుకొని కాలనీ అంత తిప్పినోడే, మీ తాత దోస్తును గట్ల మర్శిపోతివా? అవునులే, నువ్వు గప్పటికి గింతంత పొల్లవు. గోదారిఖని బొగ్గుబాయిల మేమిద్దరం ఒక్క షిఫ్టు. ఆయన షాట్‌ఫైరరు. అంటే ఏంది, బొగ్గుకు తూట్లు వొడిసి, మందు కూరి పేల్చుడు. మంచోడే గని పట్టిందంటే ఇడువడు, ఉడుంపట్టు. ఏం కూర ఒండినా ఉప్పు తక్కువనే అంటుండె. పాపం ఆయన పెండ్లాం లిడియక్క ఎట్ల ఏగిందో! సరే, గది ఇడిశిపెట్టు.

గప్పుడు గాజాల లడాయి నడుస్తుండె. మనకాడ క్రిస్మస్ నచ్చత్రాలు ఇంక దించనే లేదు. టీవీ పెడితే కూలిన ఇండ్లు, తెల్లబట్టల సుట్టిన పసిపోరలు. సామ్యేల్‌కు బుక్క దిగకపాయె. మసీదోళ్లు, యూనియనోళ్లు కలిసి ఆదివారం చౌరస్త దాక ఊరేగింపు పెట్టుకున్నరు. 'మన చర్చి గూడ నడువాలె సదయ్యా' అని నాతోనంటడు. చర్చి పెద్దలల్ల శాంతిరాజ్ అని మా బాయిలోడే ఉండె, అడ్డం తిరిగిండు. సామ్యేల్‌తోని మాట్లాడడు గద, వేరేటోళ్లతోని చెప్పి పంపిండు. 'ఇజ్రాయేలంటే బైబిల్ల ఉన్న పేరాయె, దానికి ఎదురు నడుస్తవా? నడిస్తే పెద్దల వరుసల నీకు కుర్సీ ఉండది, సూస్కో!' గా కుర్సీ అంటే సామ్యేల్‌కు పానం. వాళ్ల నాయిన కూసున్నదాయె.

ఆదివారం నన్ను గూడ గుంజుకపోయిండు. నాకు చర్చి ఏం ఎరుక? లిడియక్క లేస్తే లేసుడు, కూసుంటే కూసునుడు. పార్థన అయినంక సామ్యేల్ నిలవడ్డడు. 'అటు పోరలు పోరలే, ఇటు పోరలు పోరలే. ఏ తల్లి ఏడ్సినా నాకొక్కటే. నేను మందు పేల్చేటోణ్ణి. ఒకపారి అంత తయారుగుంది, ఓవర్‌మన్ సాబ్ "పేల్చురా, జల్ది పేల్చు" అని ఒర్రుతుండు. నేను పేల్చలే. లోపల మనిషున్నడు. ఆయనది ఏ యూనియన్, ఏ కులం అని సూడలే. బయటికి తెచ్చినంకనే పేల్చిన. ఇప్పుడు గదే అంటున్న. లోపల మనుషులున్నరు, ఆపుండ్రి.' గంతే, కూసున్నడు. ఆ మనిషి పేరు మాత్రం చెప్పలే.

గంతల శాంతిరాజ్ లేశిండు. అయిపాయె, కుర్సీ పాయె అనుకున్న. 'గా లోపలున్నది నేనే' అన్నడు. 'మూలకు కూసొని నిద్రపోయిన. నన్ను రెక్కవట్టి గుంజుకొచ్చిండు. ఆ సిగ్గుకే నేను ఈయనతోని మాట బంద్ చేసిన.' అనుకుంట వచ్చి సామ్యేల్ చెయ్యి వట్టిండు. 'పా, నడువు.' ఓర్నీ! చర్చికి చర్చే లేశింది బిడ్డా! చౌరస్తల మమ్ముల సూసి మసీదోళ్లు జరిగి తొవ్విచ్చిండ్రు. డ్యూటీ దిగినోళ్లు బొగ్గు మొకాలతోనే కలిసిండ్రు. 'లడాయి వద్దు, పసిపిల్లల సంపొద్దు' అని ఒర్రితే బజారు దద్దరిల్లింది. నాకు వారం దాక గొంతు రాలే! సామ్యేల్ అయితే నవ్వుతుండు, ఏడుస్తుండు, రెండూ ఒక్కపారే. మా ఒర్రుడుకే లడాయి ఆగిందంటనా? ఏ, నేను గంత పిచ్చోణ్ణి గాదు. గని ఆ పొద్దు మేం గెలిచినం. గట్టిగ గెలిచినం.

మల్లేడాదే పోయిండు సామ్యేల్. తెలంగాణ అచ్చింది, సూడకపాయె. గాజాల సూస్తే మల్ల గదే లడాయి... ఎవలే వాకిట్ల? శాంతిరాజా? ఏమంటుండు, ఈయాల మల్ల నడుస్తున్నరా? గీ ముచ్చట ముందుగాల చెప్పద్దానే పిల్లా! నా చెప్పులేవి? జల్ది తే.